వారంటీ రద్దయిన ఊరు

మొదటి రోజు

ఉదయం ఆరున్నరకి నా ల్యాప్‌టాప్ ఆగిపోయింది. పీతపిల్లల కేంద్రం దినచర్య రాయడం ఆపకూడదని మా తేలే ఊరు నావూరు సంఘం నిబంధన. అందుకని అది బాగై వచ్చేదాకా మేత సంచుల లేబుళ్ల వెనక పెన్నుతో రాస్తున్నాను. రాస్తున్నది మల్లాడి నూకరత్నం, కేంద్రం బాధ్యురాలు. పెన్ను పట్టి చాలా ఏళ్లయింది. 'బాధ్యురాలు' అన్న మాట రెండుసార్లు కొట్టేసి మూడోసారి రాశాను.

ఆగిపోయింది 'దృఢ' కంపెనీ యంత్రం. ఎనిమిదేళ్ల కిందట మా ఊరు ఒడ్డు వదిలి నీటి మీదికి వచ్చిన వానాకాలంలో అందరికీ ఒకే ఓడలో వచ్చాయి. మనిషికొకటి, ఇరవై ఏళ్ల వారంటీ. ఆ ఇరవై ఏళ్లలో రెండోది అడగకూడదు. అడుగున ఉన్న వెండి సీలు విప్పకూడదు. విప్పితే వారంటీ పోతుంది, ఆ తర్వాత పాడైతే మిగిలిన ఏళ్లు యంత్రం లేకుండా గడపాల్సిందే.

విప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. నాది రెండుసార్లు తొట్టిలో పడింది. ఒకసారి మా ఆయన సత్తిరాజు చూసుకోకుండా పడవ లంగరు దాని మీద దించాడు. పోయిన ఏడాది మా ఆడపడుచు పీట అనుకుని దాని మీద కూర్చుని చేపలు కోసింది. పొలుసు తుడిచి తెరిస్తే ఎప్పటిలాగే 'శుభోదయం నూకరత్నం' అంది. అలాంటిది ఇవాళ మంచి ఎండలో, పొడి బల్ల మీద, ఎవరూ ముట్టుకోకుండా ఆగిపోయింది. తెర మీద ఎర్ర అక్షరాలు మాత్రం ఉన్నాయి. 'తడి కనుగొనబడింది. సేవాకేంద్రానికి పంపండి.' తడి ఎక్కడుందో నాకు కనబడలేదు. చుట్టూ సముద్రం ఉంది, అది వేరే సంగతి.

సత్తిరాజు నడిపే పడవలోనే దాన్ని కాకినాడ పంపించాను.

పది తొట్లలో గాలి, వేడి, ఉప్పు అన్నీ ఇంతవరకూ అదే చూసుకునేది. మొదటి తొట్టిలో తల్లిపీత పొట్ట కింద నారింజ రంగు గుడ్లు పెట్టుకుని ఉంది. గుడ్లు పిల్లలయ్యేలోపు అది తిరిగి రావాలి. ఈ పిల్లల్ని పెంచి కోరింగ మడ అడవుల్లో వదిలితేనే ఒడ్డు వాళ్లు మాకు ఏడాది పొడుగునా బియ్యం, కూరగాయలు పంపుతారు.

రెండో రోజు

సత్తిరాజు రసీదు తెచ్చాడు. వరసలో నాది పదకొండు వేల నాలుగు వందల ఎనభై రెండో యంత్రం. అంచనా సమయం నూట అరవై నాలుగు రోజులు. దాంతోపాటు ఒక ఫిర్యాదు పత్రం నింపి పంపాలట. ఆ పత్రాన్ని 'దృఢ' ల్యాప్‌టాప్‌లోనే నింపాలట.

సంఘం అధ్యక్షుడు గంగాధరం మావయ్య దగ్గరికి వెళ్లాను. ఆయన ల్యాప్‌టాప్ సముద్రపు నీళ్లని మంచినీళ్లు చేసే ఊరి యంత్రాన్ని నడుపుతుంది. పని ఆపించి, నా పత్రం కోసం ఒక్క వేలితో గంటన్నర టైపు చేశాడు. మధ్యమధ్యలో నాకు ధైర్యం చెప్పాడు. కంపెనీ మొదట పదేళ్ల వారంటీయే ఇస్తామంటే, ఈయనే మూడు రోజులు వాళ్ల ఆఫీసులో కూర్చుని ఇరవై ఏళ్లు చేయించాడు. ఆ కథ ఊరందరికీ తెలుసు, అయినా మళ్లీ చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన ముఖం ఎంత వెలిగిపోతుందంటే, వినకుండా లేచి రావడానికి మనసొప్పదు.

నాలుగో రోజు

పంపులు చేత్తో తిప్పుతున్నాను. గంటకోసారి పది తొట్లలోనూ వేలు పెట్టి వేడి చూస్తున్నాను. మా పక్కన తేలే తెప్ప ఇల్లు కొప్పాడి అచ్చియ్యమ్మ పిన్నిది. డెబ్బై ఒక్కేళ్లు. వలలు అల్లుకుంటూ నా పరుగులు రెండు రోజులు చూసి, ఇవాళ ఒక గుడ్డ మూట పట్టుకుని వచ్చింది. అందులో పాత గాజు థర్మామీటరు, ఉప్పు కొలిచే తేలుడు గొట్టం ఉన్నాయి. గొట్టాన్ని నీళ్లలో వేస్తే నిటారుగా తేలుతుంది, నీటి అంచు ఏ గీత దగ్గర ఉంటే అదే ఉప్పు.

ఎన్ని రోజులు పడుతుందన్నారని అడిగింది. చెప్పాను.

"నూటరవై నాలుగా? ఈలోపు మీ పీత మనవరాళ్లని ఎత్తుకుంటాది," అంది.

ఇవి ఎక్కడివని అడిగితే వలసకి ముందు కాకినాడలో తనూ భర్తా ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేసే కొట్టు నడిపేవాళ్లమని చెప్పింది. కంపెనీ తప్ప ఎవరూ యంత్రాలు విప్పకూడదన్న సీలు చట్టం వచ్చాక కొట్టు మూతపడింది. ఇరవై ఆరేళ్లుగా స్క్రూడ్రైవరు ముట్టలేదట. ఎనిమిదేళ్లు పక్క పక్కనే ఉన్నాం, ఈ సంగతి నాకు ఇవాళే తెలిసింది.

ఐదో రోజు

సంఘం ఆఫీసు నుంచి సేవాకేంద్రానికి ఫోన్ చేశాను. శశికిరణ్ అనే అబ్బాయి మాట్లాడాడు. చాలా మర్యాదస్తుడు. యంత్రానికి ఎప్పుడైనా నీటితో సంబంధం కలిగిందా అని అడిగాడు. మేం నీటి మీదే ఉంటామండీ అన్నాను. అతను కాసేపు ఏదో రాసుకున్నట్టు వినబడింది. ఫోన్ పెట్టేశాక సంఘానికి వచ్చిన రసీదు చూస్తే తెలిసింది, నా ఫైల్లో 'నీటితో సంబంధం ఉన్నట్టు ఒప్పుకున్నారు' అని చేరింది. ఇప్పుడు అది ఒప్పుకోలు కాదని నిరూపించడానికి ఇంకో పత్రం నింపాలి.

మళ్లీ ఫోన్ చేసి, పోనీ బాగుచెయ్యకుండా వెనక్కి పంపేయమని అడిగాను. వెనక్కి పంపడానికి కూడా వరస ఉందట.

తొమ్మిదో రోజు

గుడ్లు నల్లబడ్డాయి. లోపల పిల్లల కళ్లు కనబడుతున్నాయన్న మాట. రెండు రోజుల్లో పొదుగుతాయి.

వేలు పెట్టి చూస్తే ఎంత వేడో ఇప్పుడు నాకు థర్మామీటరు కంటే ముందే తెలుస్తోంది. అచ్చియ్యమ్మ పిన్ని పందెం కాసి చూసింది. పదిసార్లలో ఎనిమిదిసార్లు గెలిచాను. ఓడిన రెండుసార్లూ థర్మామీటరే తప్పని వాదించాను.

పదకొండో రోజు

తెల్లవారుతుండగా పొదిగాయి. తల్లిపీత కాళ్ల మీద లేచి నిలబడి పొట్ట ఊపింది. ఊపినప్పుడల్లా పొగలా పిల్లలు వచ్చాయి. పేనుకన్నా చిన్నవి. లక్షల్లో ఉంటాయి. టార్చి వేస్తే, బలమైనవన్నీ వెలుతురు వైపు ఈదుకుంటూ వచ్చాయి. వాటిని మగ్గులతో ముంచి పది తొట్లలోకీ పంచాలి. ఒక్కదాన్నే అయితే మధ్యాహ్నం దాటేది. సత్తిరాజు పడవ ఆపేసి వచ్చాడు. మా ఆడపడుచు వచ్చింది. చుట్టుపక్కల తెప్పల వాళ్లు ఎవరి మగ్గు వాళ్లు తెచ్చుకున్నారు. స్నానం మగ్గులు వద్దని ఒకటికి నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఎనిమిది గంటలకల్లా అయిపోయింది. తర్వాత అందరం కేంద్రం గట్టు మీద కూర్చుని చద్దన్నం తిన్నాం.

పద్దెనిమిది రోజులు ఇవి ఈదుతాయి, ఐదుసార్లు పొర విడుస్తాయి. ఆ తర్వాత కాళ్లూ, పట్టుకునే డెక్కలూ వస్తాయి. అంతవరకూ గాలి ఆగకూడదు, ఉప్పు మారకూడదు, మూడు గంటలకోసారి మేత పడాలి. యంత్రం ఉన్నప్పుడు నేను బల్ల దగ్గర కూర్చుని తెర మీద పచ్చగీతలు చూసేదాన్ని. ఇప్పుడు పిల్లల్నే చూస్తున్నాను. నిజం చెప్పాలంటే ఇదే బాగుంది. కాళ్లు మాత్రం లాగేస్తున్నాయి.

పద్నాలుగో రోజు

గంగాధరం మావయ్య ల్యాప్‌టాప్ ఆగిపోయింది. అవే ఎర్ర అక్షరాలు.

ఆయన నమ్మలేదు. ఎండలో పెట్టాడు, బియ్యం డబ్బాలో పెట్టాడు. మా ఆడపడుచు చెప్పిందని సాంబ్రాణి కూడా వేశాడు. మంచినీళ్ల యంత్రాన్ని ఇప్పుడు చేత్తో నడపాలి, అలా నడిపితే సగం నీళ్లే వస్తాయి. సాయంత్రం నుంచి ఇంటికి రెండు బిందెలన్నారు.

పద్దెనిమిదో రోజు

మొత్తం పందొమ్మిది ఆగాయి. బడిది, ఆసుపత్రిది, పడవల రేవుది. ఒకే ఓడలో వచ్చిన యంత్రాలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఊళ్లో నూట నలభై ఉన్నాయి.

సంఘం సమావేశం పెట్టారు. అచ్చియ్యమ్మ పిన్ని లేచి, ఒకటి విప్పి చూద్దామంది. గంగాధరం మావయ్య ఒప్పుకోలేదు. విప్పిన యంత్రం బాగుపడకపోతే దాని మనిషి ఇంకో పన్నెండేళ్లు ఏ యంత్రమూ లేకుండా ఎలా బతుకుతాడని అడిగాడు. అది న్యాయమైన ప్రశ్నే. ఎవరి యంత్రం ఇస్తారని పిన్ని అడిగితే అందరూ చాపల అంచులు చూశారు. నేనూ చూశాను. నాది ఒడ్డున ఉంది కాబట్టి నన్నెవరూ అడగరు, ఆ ధైర్యంతో చూశాను. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

సేవాకేంద్రానికి వరసగా ఆగిపోతున్నాయని ఫోన్ చేశాం. పందొమ్మిది పత్రాలు పంపమన్నారు.

ఇరవయ్యో రోజు

ఆసుపత్రి తెప్పలో ఇద్దరికి వాంతులు, విరేచనాలు. నీళ్లు చాలక ఎవరో వాననీళ్ల పీపాలోవి తాగించారట. ప్రాణానికి భయం లేదన్నారు. అయినా ఊరంతా మాటలు తగ్గిపోయాయి.

పొద్దున పదింటికి గంగాధరం మావయ్య మా కేంద్రానికి వచ్చాడు. చంకలో లుంగీలో చుట్టిన ల్యాప్‌టాప్. అచ్చియ్యమ్మ పిన్నిని పిలిపించాడు. ఆమె వచ్చాక మూట ఆవిడ ముందు పెట్టాడు.

"మూడు రోజులు కూర్చున్నానమ్మా ఆళ్ల ఆఫీసులో, ఈ ఇరవై ఏళ్ల కోసం," అన్నాడు. "ఇప్పుడు నా చేత్తోనే ఇత్తన్నాను. విప్పెయ్యి."

పిన్ని మూట విప్పి యంత్రాన్ని తిప్పి చూసింది. సీలు కింద నాలుగు స్క్రూలు ఉంటాయి, వాటి తలలు ఐదు మూలలవి, మన దగ్గర అలాంటి మొన లేదు అంది. పాత గొడుగు ఒకటి తెప్పించుకుని దాని ఊచ విరిచి రాతి మీద అరగదీయడం మొదలుపెట్టింది. సాయంత్రం దాకా ఆ చప్పుడు వింటూ పిల్లలకి మేత వేశాను.

ఇరవై ఒకటో రోజు

విప్పాం.

పొద్దున తొమ్మిదింటికి, కేంద్రం గట్టు మీద శుభ్రమైన దుప్పటి పరిచాం. పిన్ని సీలు ఒలిచి, ఊచ పట్టుకుని మొదటి స్క్రూ మీద పెట్టింది. చెయ్యి వణికింది. రెండోసారి పెట్టింది. మొన జారి మూత మీద గీత పడింది. ఆవిడ చేతిని ఒళ్లో పెట్టుకుని కొంచెంసేపు దాన్నే చూసుకుంది. ఇరవై ఆరేళ్లు దేని కోసం ఎదురుచూసిందో అది ఎదుటికి వచ్చాక చెయ్యి మాట వినలేదు.

"నువ్ చెయ్యి రత్నాలూ," అంది. "పేనంత పిల్లని గొట్టంతో ఏరి పక్కన పెడతావు గదా. ఇది దానికన్నా పెద్దదే. నే చెప్తాను."

నేను చేశాను. ఆవిడ చెప్పినట్టే. నొక్కి తిప్పు, ఇప్పుడు వదులు, స్క్రూలు ఏ మూలవి ఆ మూలే పెట్టు. మూత లేచింది. లోపల నీటి మరక లేదు. చెమ్మ లేదు. మూత కింద మొదట కనబడింది దుమ్ము కూడా లేని నల్లటి పలక. గంగాధరం మావయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు. పొడిగానే ఉందని నేను చెప్పాకే తెరిచాడు.

పిన్ని భూతద్దంతో వెతికి, కుడి పక్కన ఆవగింజంత తెల్లటి చుక్క చూపించింది. దానికి రెండు రాగి కాళ్లు. కాళ్ల మీద పచ్చగా చిలుం.

"తడి తగిలిందా లేదా అని చూట్టానికి దీన్ని పెట్టారు. మన తప్పా ఆళ్ల తప్పా తేల్చేది ఇదే. ఉప్పుగాలికి దీనికే చిలుం పట్టింది. యంత్రానికేం అవలేదు. కాపలావోడికి కళ్లు పోయాయి, అంతే," అంది.

నిమ్మరసంలో ముంచిన దూదితో ఆ రెండు కాళ్లూ తుడిచాను. ఎండలో గంటసేపు ఆరబెట్టాం. పైన కొవ్వొత్తి మైనం సన్నగా రాశాం. మూత బిగించి తెరిస్తే తెర వెలిగింది. 'శుభోదయం గంగాధరం' అంది. పదకొండున్నర అయింది, అయినా ఎవరూ ఏమీ అనుకోలేదు.

తెర కింది మూలలో మాత్రం చిన్న అక్షరాలు వచ్చాయి. 'వారంటీ రద్దయింది.' తుడిచినా పోలేదు. ఆయన వాటి మీద బొటనవేలు పెట్టి ఒకసారి రుద్ది చూశాడు.

"ఉండనీ. ముందు నీళ్లు రానీ," అని లేచి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం రెండింటికి ఊరికి పూర్తి నీళ్లు వచ్చాయి. మా ఆడపడుచు అవసరం లేకపోయినా తలంటుకుంది.

ఇరవై మూడో రోజు

గట్టు మీద వరస. అందరూ ల్యాప్‌టాప్‌లు పట్టుకుని కూర్చున్నారు. ఆగినవే కాక, ఆగబోయేవి కూడా ముందే తుడిచిపెట్టమని తెచ్చారు. నిమ్మకాయలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలని పిన్ని నియమం పెట్టింది. ఒక్కో యంత్రానికి నాకు మొదట్లో గంట పట్టింది. ఇవాళ పద్దెనిమిది నిమిషాల్లో విప్పాను. పిన్ని నా పక్కన పీట మీద కూర్చుని చెబుతూనే ఉంటుంది. నేను తప్పు చేస్తే నాలుక చప్పరిస్తుంది. అది వినబడగానే నా చెయ్యి దానంతట అదే ఆగిపోతుంది.

ఇరవై ఐదో రోజు

మూడో తొట్టి పోయింది.

నేను ఇవాళ్టి ఎనిమిదో యంత్రం విప్పుతూ ఉన్నాను. మూడో తొట్టిలో గాలి గొట్టం ఊడిపోయింది. మేత వేళ దాటి నలభై నిమిషాలయ్యాక లేచి వెళ్లాను. నీళ్లు తేటగా ఉన్నాయి. టార్చి వేస్తే వెలుతురు వైపు ఒక్కటీ రాలేదు. అన్నీ అడుగున ఉన్నాయి. ఇంకో పొర విడిస్తే డెక్కలొచ్చేవి.

ఎవరూ నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది. సత్తిరాజు తొట్టి కడగడానికి సాయం వచ్చాడు, నేనే కడుక్కుంటానన్నాను. అతను సరేనని వెళ్లకుండా కొంచెం దూరంలో కూర్చున్నాడు.

పిన్ని సాయంత్రం వచ్చి, ఇకమీదట ల్యాప్‌టాప్‌లు మధ్యాహ్నం భోజనాల తర్వాతే, అది కూడా ఇంకొకరు తొట్ల దగ్గర ఉంటేనే అని గట్టు మీద అందరికీ చెప్పింది. తనే చెప్పాల్సిందట, వయసులో పెద్దది కాబట్టి ఆ తప్పు తనదేనట. ఇద్దరం కాసేపు ఆ తప్పు నాదంటే నాదని పోట్లాడుకున్నాం.

ఇరవై తొమ్మిదో రోజు

మంచి వార్త. మిగిలిన తొమ్మిది తొట్లలో పిల్లలకి డెక్కలొచ్చాయి. డెక్కలు రాగానే ఒకదాన్నొకటి తినడం మొదలుపెడతాయి. దాక్కోవడానికి పాత వలల పేలికలు వేలాడదీశాం. ఒక్కో పోగుకి ఒక్కో పిల్ల పట్టుకుని ఊగుతోంది. వీటి ముఖాలు చూస్తే నవ్వొస్తుంది, అందరిమీదా కోపంగా ఉన్నట్టుంటాయి.

చెడ్డ వార్త. కంపెనీ నుంచి మనిషి వస్తున్నాడు. నలభై మూడు యంత్రాలు వారంటీ రద్దయినట్టు వాళ్ల జాబితాలో కనబడ్డాయట. విప్పినవాళ్ల పేర్లు రాసుకోవడానికి రెండు రోజుల్లో వస్తారట. సీలు చట్టం కింద కేసు కూడా పెట్టొచ్చు. పిన్ని ముఖం పాలిపోయింది. ఒకసారి ఆవిడ కొట్టు మూయించిన వాళ్లు కూడా ఇలాగే పేర్లు రాసుకోవడానికే వచ్చారట.

గంగాధరం మావయ్య ఇల్లిల్లూ తిరిగి ఒకటే మాట చెప్పాడు. నలభై మూడూ తనే విప్పానని చెబుతాడట. ఎవరూ నోరు మెదపకూడదట. పోయినవారం సూదిలో దారం ఎక్కించడానికి మా ఆడపడుచుని పిలిచిన మనిషి ఆయన.

ముప్ఫై ఒకటో రోజు

వచ్చింది శశికిరణే. ఫోన్లో మాట్లాడిన అబ్బాయి. ముప్ఫై ఏళ్లుంటాయి. పడవ ప్రయాణం పడక ముఖం పచ్చబడిపోయింది. ముందు మజ్జిగ తాగించి, పావుగంట పడుకోబెట్టి, ఆ తర్వాత అందరం భయపడ్డాం.

ఫైలు తెరిచి, యంత్రాలు ఎవరు విప్పారని అడిగాడు. గంగాధరం మావయ్య ముందుకొచ్చి నేనే అన్నాడు. శశికిరణ్ సంచిలోంచి అసలైన స్క్రూడ్రైవరు తీసి ఇచ్చి, ఎలా విప్పారో దయచేసి చూపించండి అన్నాడు. మావయ్య అక్కడున్న ఒక ల్యాప్‌టాప్ని ముందు నిలువుగా పట్టుకున్నాడు. తర్వాత అడ్డంగా. సీలు ఏ వైపుందో వెతుకుతూ మూడుసార్లు తిప్పాడు. చుట్టూ ఉన్న మేం ఎవరి ముఖాలు వాళ్లం దాచుకున్నాం.

పిన్ని నిలబడింది.

"ఆయన్ని వదిలెయ్యి బాబూ. ఎలాగో చెప్పింది నేను. చేతులు ఈ పిల్లవి, బుద్ధి నాది. పేరు రాసుకుంటే నాది రాసుకో."

నాదీ రాసుకోవాలని అన్నాను. సత్తిరాజు లేచి, ఊచ విరిచిన గొడుగు తనదని చెప్పాడు. శశికిరణ్ పెన్ను పట్టుకుని మా ముగ్గురినీ చూశాడు. ఏమీ రాయలేదు. ఒకటి విప్పి చూపించమన్నాడు.

బడి పంతులమ్మ ఇంటి యంత్రం ఆ పొద్దునే ఆగింది. దుప్పటి పరిచి విప్పాను. అతను భూతద్దం తీసుకుని ఆ చుక్కని, దాని కాళ్లని చాలాసేపు చూశాడు. తుడిచి ఆరబెట్టి మూత బిగించాను. తెర వెలిగింది. అతను గట్టు మీద చతికిలబడ్డాడు.

కాకినాడలో వాళ్ల గోదాములో పదకొండు వేల పైన యంత్రాలున్నాయట. ముప్పావు వంతు ఈ ఎర్ర అక్షరాలవేనట. తడి అని తెర చెబితే అది మనిషి తప్పు, విప్పనక్కర్లేదు, కాదని జనం రాసే ఉత్తరాలకి జవాబులు రాస్తూ ఉండాలి. అదీ అక్కడి పద్ధతి. వరస కదలనిది అందుకే.

"మూడేళ్లుగా అవే జవాబులు రాస్తున్నానండీ," అన్నాడు. "ఒక్కటి కూడా విప్పి చూడలేదు. విప్పమని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు."

పిన్ని అతని చేతిలో ఒక నిమ్మకాయ పెట్టి, తర్వాతది నువ్వు చెయ్యి అంది.

ముప్ఫై మూడో రోజు

శశికిరణ్ రెండు రోజులుండి పదకొండు యంత్రాలు బాగుచేశాడు. అతని చేతికి ఓపిక ఉందని పిన్ని మెచ్చుకుంది. నాకు ఆ మాట ఇంతవరకూ చెప్పలేదు. వెళ్లేముందు చుక్కల ఫొటోలు తీసుకున్నాడు, మా ఊరి గాలిలో ఉప్పు కొలతలు రాసుకున్నాడు. నా యంత్రాన్ని కూడా సంచిలోనే తెచ్చాడట, సిగ్గుపడి ఇవాళ తీశాడు. నేనే విప్పుకుని నేనే తుడుచుకున్నాను. దినచర్య మాత్రం ఇక్కడే పూర్తి చేస్తాను. లేబుళ్లు మిగిలాయి, పైగా నా చేతిరాత ఇప్పుడిప్పుడే దారిలో పడుతోంది.

ముప్ఫై ఏడో రోజు

కంపెనీ నుంచి గంగాధరం మావయ్యకి ఉత్తరం. తప్పు మాది అన్న మాట అందులో ఎక్కడా లేదు. 'తీరప్రాంత గాలి వల్ల సూచికలో కలిగిన మార్పు' అని ఉంది. ఆ మార్పు సరిచేయడానికి సీలు విప్పితే వారంటీ రద్దు కాదని, రద్దయినవి మళ్లీ చేర్చామని ఉంది. మావయ్య దాన్ని సంఘం గోడకి అతికించి, వచ్చిన ప్రతివాడికీ చదివి వినిపిస్తున్నాడు. ఇరవై ఏళ్ల కథకి ఇప్పుడు రెండో భాగం వచ్చింది.

దానితో ఇంకో కాగితం ఉంది, అచ్చియ్యమ్మ పిన్ని పేరుతో. కాకినాడ గోదాములో పన్నెండు మంది పనివాళ్లకి విప్పడం నేర్పాలని, మూడు నెలలపాటు ఉండేలా వెంటనే రమ్మని. ఆవిడ చదివి మడిచి వలల బుట్టలో పెట్టింది. వెళ్తావా అంటే, ఈ చేతులతోనా అంది. నాకు నేర్పింది చేతులతో కాదు కదా అన్నాను. ఆవిడ నాలుక చప్పరించింది. ఈసారి దేనికో నాకు అర్థం కాలేదు.

ముప్ఫై ఎనిమిదో రోజు

ఇవాళ పిల్లల్ని వదిలాం. గోరంత పీతలు, నలభై వేల దాకా ఉంటాయి. తడి గోనెలు పరిచిన తట్టల్లో పెట్టి సత్తిరాజు పడవలో కోరింగ పాయల్లోకి తీసుకెళ్లాం. మడ చెట్ల వేళ్ల దగ్గర నీళ్లు మోకాళ్ల లోతు ఉన్నప్పుడు తట్టలు వంచాం. క్షణంలో బురదలోకి దూరిపోయాయి. నలభై వేల పిల్లలు కళ్లముందే మాయమైతే కాసేపు ఏదోగా ఉంటుంది. ప్రతి ఏడూ ఉంటుంది.

పిన్ని కూడా మాతో పడవలో ఉంది. ఆకుపచ్చ నేత చీర కట్టుకుని, ఒళ్లో ఒక చేతిసంచి పెట్టుకుని కూర్చుంది. పాయ దాటాక నాతో, గోదాములో నేర్చుకునే కుర్రాళ్లు తన చెయ్యి వణకడం చూసి నవ్వుతారేమో అంది. నవ్వితే నాలుక చప్పరించమన్నాను. నేనింకా ఆ చప్పుడుకి భయపడుతున్నానని చెప్పాను. అప్పుడు నవ్వింది.

కాకినాడ రేవు నుంచి గోదాముకి నడిచే దూరమే. పెద్ద ఇనుప గేటు, ఒక కాపలా మనిషి. ఒడ్డు మీద నడక అలవాటు తప్పి ఇద్దరం కొంచెం ఊగుతూ వెళ్లాం. అతను మా తడి చెప్పులు, పిన్ని నెరిసిన జుట్టు చూసి, గేటు తియ్యకుండానే, ల్యాప్‌టాప్ ఇవ్వడానికైతే పక్క కిటికీ దగ్గరికి వెళ్లాలని, వరస చాలా ఉందని చెప్పాడు. ఎవరినైనా కలవడానికి వచ్చారా అని అడిగాడు.

పిన్ని చేతిసంచి ఒక చేతిలోంచి రెండో చేతిలోకి మార్చుకుంది.

"లేదు బాబూ. పన్లోకొచ్చాను," అంది.

అతను గేటు తీశాడు.